రేడియేటర్లో పసుపు

కావేరిపట్టణంలో ఉండే మా పెదనాయన కొడుకు, నాకు అన్న, తన పాత కారు నాకు అమ్మినాడు. ఇచ్చేటప్పుడు దాంట్లో మల్లెపూల సెంటు సీసాలు మూడు వేలాడుతా ఉండినాయి. ఒకటి చాలదా అని నాకు తోచలేదు. హోసూరుకు తెచ్చుకున్నాక మూడూ తీసి పారేసినాను. వారం తిరక్కముందే లోపల ఇంకో వాసన మొదలైంది. బెల్లం పాకం మాడబెట్టి, దానిమీద తడిగుడ్డ కప్పి నాలుగు దినాలు వదిలేసినట్లు. తీపి వాసనకు కూడా డోకొస్తుందని అప్పుడే తెలిసింది.

సర్వీసుకిచ్చిన చోట ఏసీ నీళ్లు లోపలికి కారుతున్నాయని చెప్పి, పైపు కడిగిచ్చినారు. వాసన పోలేదు. పైగా ముందద్దానికి లోపలి పక్క మసక పట్టేది. తుడిస్తే పోకుండా జిడ్డుజిడ్డుగా సాగేది. నేను పనిచేసేది బండ్ల విడిభాగాల ఫ్యాక్టరీలో. వెంట్రుకంత గీత కనపడినా ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తాను. అట్లాంటోణ్ని ఆరునెలలు ముక్కు మూసుకొని తిరిగినాను.

ఒక ఆదివారం వదిన కావేరిపట్టణానికి భోజనానికి రమ్మంటే నేనూ నా భార్యా కారులో బయల్దేరినాము. సూళగిరి దగ్గరికి రాంగానే తను కాళ్లు పైకెత్తుకుంది.

"ఇది చూడండి. చెప్పులు తడిసిపోయినాయి."

మడమకు పచ్చటి జిగురు అంటుకొని ఉంది. నేను అది చూసి తలెత్తేసరికి ఇంజను వేడి చూపించే ముల్లు పైకి పోతా ఉంది. రోడ్డు పక్కనే ఒక షెడ్డు కనపడితే ఆపేసినాను. మెకానిక్కుకు యాభై ఏండ్లుంటాయి. మన తెలుగే మాట్లాడినాడు. ఇంజను చల్లారేదాకా మూత ముట్టుకోవద్దని చెప్పి, ముందు నా భార్య కూర్చున్న పక్క కార్పెట్ లేపినాడు. కింద స్పాంజి నల్లగా కుళ్లిపోయింది. ఎవరో పిల్లోళ్లు ఎప్పుడో పడేసిన బిస్కెట్లు ఉబ్బి, బూజు పట్టి, దానికే అతుక్కొని ఉన్నాయి. నా భార్య రోడ్డు పక్కకు పరిగెత్తి కక్కుకుంది. ఆయన మాత్రం ఆ తడిని వేలితో అద్ది నాలుక్కి రాసుకున్నాడు.

"ఏసీ నీళ్లకు రుచి ఉండదు సార్. ఇది తియ్యగుంది. కూలెంటు."

"నోట్లో పెట్టుకోవద్దప్పా, అది విషం!"

ఆయన తుపుక్కున ఉమ్మేసి నవ్వినాడు. డ్యాష్‌బోర్డు వెనకాల హీటరుకని ఒక చిన్న రేడియేటరు ఉంటుందనీ, అది పగిలి, ఇంజన్ను చల్లబరిచే ఆ కూలెంటు నీళ్లు లోపలికి కారుతున్నాయనీ చెప్పినాడు. అరగంట తర్వాత గుడ్డ కప్పి పెద్ద రేడియేటరు మూత తిప్పినాడు. లోపల ఆకుపచ్చ నీళ్లుండాల్సిన చోట విరిగిపోయిన కూర మాదిరి పసుపుపచ్చ ముద్ద.

"పసుపు పోసినారు సార్. కారే కంతను అది మూస్తాది. కొన్ని నెలలు నిలుస్తాది. అంతలో బండి అమ్మేస్తారు."

కారు ఆయన దగ్గరే వదిలేసినాము. ఇంటికి పోదామని నా భార్య అంది. నేనే పట్టుబట్టి కావేరిపట్టణం బస్సెక్కించినాను. అన్నను అడక్కుండా ఉండలేకపోయినాను.

ఆకులో వదిన పప్పుచారు పోసింది. అచ్చం రేడియేటర్లోని ముద్ద రంగే. చెయ్యి వెనక్కి తీసుకొని అడిగినాను.

"అన్నా, రేడియేటర్లో పసుపు ఎవరు పోసింది?"

అన్న అన్నం కలుపుతానే ఉన్నాడు. "నేనే. రెండు తూర్లు. నిలిచింది గదా?"

వదిన చేతిలో గరిటె అట్లే ఆగిపోయింది. "అయితే ఆ వాసన కారుదేనా? మూడేండ్లు ఆ కారెక్కినప్పుడంతా నాకు కడుపులో తిప్పేది. నీకే పైత్యమని కషాయం తాగించినావు గదయ్యా!"

అన్న నవ్వినాడు. నా వైపు తిరిగి, "ఇంకో పొట్లం పోసి నువ్వూ ఎవరికన్నా ఇచ్చెయ్యప్పా. దీనికింత రభస ఎందుకు?" అని తేన్చినాడు.

ఆ క్షణంలో మా ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన శ్రీకాకుళం మనిషి మొహం నాకు గుర్తొచ్చింది. తన భార్య నీళ్లోసుకుందనీ, పాత కారేదన్నా ఉంటే చెప్పమని అడిగి ఉండినాడు. అతనికి ఇచ్చేయొచ్చు గదా అనిపించింది. అనిపించింది, అంతే. కానీ అన్న తేన్పు కంటే ఆ ఆలోచనకే నాకు ఎక్కువ రోత పుట్టింది. అయినా "సరేలే అన్నా" అని లేచి చెయ్యి కడుక్కున్నాను. నా భార్య నన్ను చూసిన చూపు ఇంకా మరచిపోలేదు.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీసి ఉంది. చిన్న రేడియేటరు అంచు విచ్చుకొని, సందుల్లో పసుపు గడ్డకట్టి ఉంది.

"దీనికొచ్చే రెండు పైపులూ ఒకదానికొకటి కలిపేసి దీన్ని తీసేద్దామా సార్? మనకు హీటరు ఎందుకు?"

"వద్దప్పా. కొత్తది వెయ్యి. సగం పనులు చూసి చూసి విసుగొచ్చింది."

నాలుగు దినాలు పట్టింది. ఆఖరి దినం సెలవు పెట్టి పోయి పక్కనే నిలబడినాను. నీళ్లు పోసి ఇంజను తిప్పి వదిలిన ప్రతిసారీ పసుపు చెత్త వస్తానే ఉంది. ఏడోసారికి గానీ నీళ్లు తేటబడలేదు. అప్పుడు కొత్త కూలెంటు పోసి, చేతిపంపుతో గాలి ఎక్కించి చూసినాడు. పంపు మీద ఒత్తిడి చూపించే ముల్లు కిందికి దిగలేదు. యాడా చుక్క కారలేదు. కార్పెట్ పారేసి కొత్తది వేయించినాను.

కొన్నాళ్లకు వదిన ఫోన్ చేసింది. "అప్పా, నన్నొకసారి ఆ కారెక్కించు. చూడాల" అంది. కావేరిపట్టణం పోయి, అద్దాలన్నీ మూసి, కృష్ణగిరి దాకా తిప్పుకొచ్చినాను. దారంతా ఏసీ గాలికి మొహం పెట్టి కూర్చుంది. డోకొస్తోందని ఒక్కసారి కూడా నీళ్లు అడగలేదు. ఇంటి ముందర దిగుతా, "నాకే జబ్బూ లేదప్పా" అంది. గడపలో నిలబడిన అన్న, "ఏమంటుంది కారు?" అని నవ్వుతా అడిగినాడు. వదిన ఆయన్ను దాటుకొని లోపలికి పోయింది. నేను కారు వెనక్కి తిప్పుకొన్నాను.