ముప్పై పనిదినాలు

ఉదయం సరిగ్గా ఆరు గంటలకు ఆ సీటు ఖాళీ అయింది. ఆరు గంటల నాలుగు నిమిషాలకు నిండింది. వికారాబాద్‌లో నేను కూర్చునే కార్యాలయం నుంచి ఆ బడికి, తాండూరు మీదుగా, నా బండి మీటరు ప్రకారం యాభై ఎనిమిది కిలోమీటర్లా మూడు వందల మీటర్లు. అప్పటికి నేను అక్కడికి వెళ్లింది ఒక్కసారే.

ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఏడు ఉచిత బడులు నడిపే ట్రస్టు మాది. భవనాలు ప్రభుత్వానివి, బోధన మాది. తరగతికి ముప్పై మందే. చీటీలు తీసినప్పుడు పేరు రానివారు వరుసలో వేచి ఉంటారు. ఎవరైనా వరుసగా ముప్పై పనిదినాలు రాకపోతే మర్నాడు ఉదయం ఆరింటికి కంప్యూటర్లో దానంతటదే పేరు తొలగి, వరుసలో ముందున్న కుటుంబానికి సందేశం వెళ్తుంది; వాళ్లు ఒప్పుకోగానే సీటు వాళ్లది. ఆ నియమం రాసింది నేనే.

ఆ సీటు ఆరో తరగతి అమ్మాయిది. ఆమె తల్లిదండ్రులు గొర్రెల కాపరులు. కందికోతలయ్యాక మందతో కర్ణాటక వైపు వెళ్లి తొలకరికి తిరిగివస్తారు. ఏటా అమ్మాయి నాయనమ్మ దగ్గర ఉండి చదువుకునేది. ఆ చలికాలంలో నాయనమ్మ చనిపోయింది. అమ్మాయి మంద వెంట నడిచింది.

ఇరవై ఎనిమిదో రోజున ప్రధానోపాధ్యాయురాలు ఫోన్ చేశారు.

“సార్, ఒక్కదినం హాజరేస్త. జర చూసీ చూడనట్టు ఊకోండ్రి. పిల్ల వాపసొస్తది.”

“రాని పిల్ల వచ్చిందని ఎలా రాస్తాం, మేడమ్?”

“మీ కంప్యూటర్ ఎన్నడన్న గొర్లు కాసిందా సార్?”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మినహాయింపు ఇచ్చే అధికారం నాకుంది. ఇస్తే ఏడు బడులూ అడుగుతాయని ఇవ్వలేదు.

జూన్‌లో బడి తెరిచిన వారానికి హాజరు యంత్రం మార్చడానికి వెళ్లాను. అదే ఉదయం అమ్మాయి తండ్రితో వచ్చింది. ఇప్పుడు ఏడో తరగతిలో ఆమె స్థానంలో ఒక కూలీ కుటుంబపు పిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. నేను సంగతి చెప్పగానే అమ్మాయి సంచిలోంచి నోటుబుక్కు తీసి నాకిచ్చింది. దారి పొడవునా రోజుకో పేజీ రాసింది, పైన తేదీ వేసి.

“సార్, గివి హాజరు కింద పట్టుకోండ్రి.”

తేదీలు సరిచూశాను. నూట ముప్పై ఒక్క పేజీలు. ఒక్క రోజూ తప్పలేదు.

“వరుసలో మొదటి పేరు మీ అమ్మాయిదే పెడతాను, అన్నా” అన్నాను.

“సీటెప్పుడొస్తది సారూ?” అన్నాడు తండ్రి.

“ఎవరైనా మానేస్తే.”

“అంటే ఇంకో పిల్ల తప్పిపోవాలె.” గొంగడి భుజం మార్చుకున్నాడు. “పొద్దుమూకంగ మందను లెక్కవెడతం. ఒక్కటి తక్కువొస్తె వచ్చిన తొవ్వనే వాపస్ పోయి దేవులాడుతం. లెక్కలకెల్లి కొట్టేసి పండుకోం. పా బిడ్డా.”

అమ్మాయి నోటుబుక్కు తిరిగి అడగలేదు.

తర్వాత నియమంలోని ముప్పైని తొంభైగా మార్చాను. రెండు నిమిషాల పని. ఏడో తరగతి ఉన్న మరో బడి పదకొండు కిలోమీటర్ల దూరం. ఆ దారిలో బస్సు లేదు. తొంభై రోజులు ఎవరూ మానలేదు; వరుసలో మొదటి పేరు ఏడాదంతా మొదటి పేరుగానే ఉండిపోయింది. మరుసటి కందికోతలకు అమ్మాయి మళ్లీ మంద వెంట వెళ్లింది, ఈసారి నోటుబుక్కు లేకుండా. అది తెలిసిన వారంలోనే ప్రధానోపాధ్యాయురాలు రాజీనామా చేశారు.

పోయినవి: ఒక సీటు, ఒక ఉపాధ్యాయురాలు, నూట ముప్పై ఒక్క రోజుల రాత, ఒక అమ్మాయి చదువు. తరగతిలో ఖాళీలు: సున్నా.