బండ కింద గుర్రం పుర్రె

ముందుగా ఏ ఐరిష్ రికార్డు వినాలి అని ఎవరడిగినా, ఐర్లండులోని ఎన్నిస్టైమన్‌లో రికార్డుల షాపు నడిపే డెర్వ్లా ఒకటే క్యాసెట్ చేతిలో పెడుతుంది. వాళ్ల నాన్న తమ వంటింట్లో ఫిడేలు వాయిస్తుంటే పొరుగాయన పట్టిన రికార్డింగది. అందులో కుక్క మొరుగుతుంది. ఫిడేలుతో సమానంగా, నాట్యమాడేవాళ్ల మడమలు వంటింటి నేలబండ మీద దబదబా మోగుతాయి.

మొన్న నేను షాపులో ఉండగా ఆమె మేనల్లుడు కొనర్ అదే రికార్డింగును సీడీ చేయించి తెచ్చాడు.

“చప్పుళ్లన్నీ తీయించేశానత్తా. ఇప్పుడు తాత ఫిడేలొక్కటే వినబడుతుంది. ఇకమీద అందరికీ ఇదే ఇవ్వు.”

డెర్వ్లా చివరిదాకా విని సీడీ బయటికి తీసింది.

“ఆ బండ కింద మీ ముత్తాత గుర్రం పుర్రె ఎందుకు పాతాడ్రా?”

“ఆడితే అడుగు గట్టిగా మోగాలని.”

“మోగాలని ఆయన పాతితే నువ్వు దాని నోరు నొక్కి తెచ్చావా? మా నాన్న ఆడేవాళ్ల కాళ్లను చూస్తూ వాయించేవాడు. వాళ్లను తరిమేసి ఆయన్ని ఖాళీ ఇంట్లో కూర్చోబెట్టావు.”

“కొనేవాళ్లకు అదంతా గోలత్తా. ఇలా మొండికేస్తే షాపు మూసుకోవాల్సిందే.”

“మూసుకుంటాను. ఇది మాత్రం అమ్మను.”

సీడీ అతని జేబులో కుక్కి, పాత క్యాసెట్ పెట్టి, వీధి తలుపు బార్లా తీసి సౌండు పెంచింది. కొనర్ ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. డెర్వ్లా అతని ముఖం వైపు చూడలేదు, క్యాసెట్‌లోని అడుగులకు తాళం వేస్తున్న అతని బూటు వైపు చూసింది.

“ముందు నీ కాలు ఆపుకోరా. వాళ్ల కాళ్ల సంగతి తర్వాత చూద్దాం.”