కొట్టేసిన జవాబు

కైకలూరు నుంచి ఏలూరు వెళ్లే సాయంత్రం బస్సులో, ఒళ్లో నాలుగో తరగతి నోటుపుస్తకాలు పెట్టుకుని దిద్దుతున్నాను. అప్పటికే మెడ లాగేస్తోంది. పిల్లలకు ఒక సమస్య ఇచ్చి, వాళ్లనే ఆలోచించనివ్వమని ట్రైనింగులో చెప్పారు. ‘వానాకాలం మన ఊళ్లోకి నీళ్లెందుకు వస్తున్నాయి?’ అని ఇచ్చాను. కానీ తనిఖీకి వచ్చేవాళ్లకు పుస్తకాలన్నీ ఒకేలా కనపడాలి కదా. అందుకని ‘అధిక వర్షాల వల్ల’ అని జవాబు కూడా నేనే బోర్డు మీద రాసేశాను. అందరూ అదే ఎక్కించుకున్నారు, ఒక్క పిల్ల తప్ప. ‘చేపల చెరువుల గట్లు అడ్డం ఉన్నాయి. నీళ్లు పోవడానికి దారి లేదు’ అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

పక్క సీట్లో పెద్దాయన ఆ గీత మీద వేలు పెట్టారు. గోళ్ల నిండా నల్ల గ్రీజు.

“ఏవండీ టీచరు గారూ, ఇది తప్పాండీ?”

“బోర్డు మీద ఉన్నది రాయలేదండీ,” అన్నాను విసుగ్గా.

ఆయన కిటికీలోంచి చెరువుల గట్ల వైపు చూపించారు.

“నేను పొక్లెయిన్ తోలేవాణ్నండీ. ఈ గట్లలో చాలా మటుకు నేను వేసినవే. ఆ పిల్ల రాసింది నిజమేనండీ.”

తర్వాతి స్టాపులో దిగిపోయారు. ఆ జవాబు పక్కన రైటు కొట్టాను గానీ, కొట్టేసిన గీత అలాగే ఉండిపోయింది.

మర్నాడు పుస్తకాలు ఇచ్చేసి, అదే ప్రశ్న మళ్లీ బోర్డు మీద రాశాను. ఈసారి జవాబు రాయకుండా చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. పిల్లలు పెన్సిళ్లు పట్టుకుని, నేనెప్పుడు రాస్తానా అని బోర్డు వంకే చూస్తూ కూర్చున్నారు.

ఆ పిల్ల కూడా.