తట్టెడు పైమట్టి

మా పక్కింటి బాబాయి పోయాడు. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే ఆయన కూతురు గేటు దగ్గర నిలబడి ఉంది. మూడు రోజులు జ్వరమని పడుకున్నాడట, ఆ పొద్దున లేపితే లేవలేదట. ఆ మాట చెబుతూ ఏడవలేదు. చేతిలో ఖాళీ తట్ట ఉంది. పూల కోసం వచ్చిందనుకుని నేను మందారాల వైపు నడిచాను. ఆమె అడిగింది పూలు కాదు. ఏమడిగిందో మీకు అర్థం కావాలంటే ముందు మా తోట సంగతి చెప్పాలి. అది చెప్పుకోవడం నాకు గొప్పేమీ కాదు.

బాబాయి నాకు చుట్టం కాదు. అరకు దాటాక కొండ మొదట్లో వాళ్ళ ఇల్లు, పొలం గట్టుకు ఇవతల మాది. నేను మిషన్ స్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నేలలు ఎన్ని రకాలో ఏటేటా పిల్లలచేత వల్లె వేయించాను గానీ చేత్తో మట్టి ముట్టింది లేదు. ఇల్లు కట్టాక వాకిలంతా రాళ్ళూ సిమెంటు పెళ్ళలూ మిగిలాయి. రిసార్టుల ముందర చూసి నాకూ ఆశ పుట్టింది. గేటు నుంచి గుమ్మం దాకా కంకర బాట, అటూ ఇటూ పచ్చగడ్డి, గులాబీలు. పని చేసిపెట్టమని బాబాయిని పిలిచాను.

కంకర దగ్గరే మొదటి తప్పు చేశాను. ఏ సైజు కావాలని ట్రాక్టరు ఓనరు ఫోన్లో అడిగితే, పెద్దదే గట్టిదనుకుని నలభై ఎంఎం పంపమన్నాను. లోడు దింపాక బాబాయి చెప్పులు గేటు బయట వదిలి, నాలుగు తట్టలు పరిచి, దాని మీద వట్టికాళ్ళతో అటూ ఇటూ నడిచాడు. ఏ కంకరకైనా ఆయన పరీక్ష అదే.

"ఇది రైలుకట్టకి బాగుంటాది టీచరమ్మా. నువ్వేటి, రైలువా?" అన్నాడు.

మా ఆయన పోయాక నన్ను అలా ఆటపట్టించిన మనిషి ఇంకొకరు లేరు. సిగ్గుపడి సన్న చిప్స్ తెప్పించాను.

మట్టికి ఇంకో పరీక్ష ఉండేది. పిడికెడు తీసి, చెంబులో నీళ్ళు చిలకరించి, ముద్ద చేసి మోకాలి ఎత్తు నుంచి వదిలేవాడు. పొడిపొడిగా రాలితే ఇసుక, దబ్బున పడి అలాగే ఉంటే బంక, రెండు మూడు ముక్కలైతే మంచి మట్టి. మొదట వచ్చిన రెండు లోడ్లూ రాలిపోయాయి. అది గోతి మట్టి, పంట ఎరగనిది అని చెప్పాడు. వలిసెలాంటి నూనెగింజలో, చోళ్ళో పండిన చేనులోంచి పై జానెడు మాత్రమే తీసిన పైమట్టి అడగమన్నాడు. నాకు తెలియని విషయం తెలిసినందుకు ఎంత సంబరమో. ఆ రెండు లోడ్లూ వెనక్కి పంపించి, ట్రాక్టరు ఓనరుకు క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పంట పండిన పైమట్టి అయితేనే గేటు తీస్తానని, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటానని.

ఆ రోజుల్లోనే టీ తాగుతూ ఆయన తన పై చేను గురించి చెప్పేవాడు. ఇంటి వెనక కొండవాలు మీద వాళ్ళ నాన్న చదును చేసిన చేను అది. కాగితం లేదు, పట్టా లేదు. వలిసె పూస్తే మా మేడ మీదికి కూడా పసుప్పచ్చగా కనిపించేది. చనిపోయే దాకా ఆయన భార్య అందులోనే కలుపు తీసింది. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. మనిషిని పూడ్చేటప్పుడు ముందు ఆ చేనులోంచి తట్టెడు మట్టి తెచ్చి వేస్తారు, ఆ తర్వాతే గోతిలో తవ్విన మట్టి.

"నాకూ అదే. అన్నాళ్ళూ ఆ సేను నాను తిన్నాను, ఆకరికి అది నన్ను తింటాది," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నాలుగు రోజులకు మట్టి వచ్చింది. నల్లగా, మెత్తగా, వేళ్ళు పెడితే దిగిపోయేలా. బాబాయి ముద్ద చేసి వదిలాడు. మూడు ముక్కలైంది. వాసన చూసి, ఇదీ మట్టంటే అన్నాడు. పొద్దంతా ఆయన మా బాట మీద చిప్స్ సర్దుతూనే ఉన్నాడు, ట్రాక్టరు వెళ్ళి వస్తూనే ఉంది. నేను ప్రతి లోడుకూ గేటు తీశాను. కూతురు సాలూరు వైపు చుట్టాలింటికి వెళ్ళింది. వాళ్ళ ఇంటి దగ్గర ఆ రోజు ఎవరూ లేరు.

నాలుగో లోడు ఎగదోస్తుంటే పారకు ఇనుము తగిలింది. కలుపు తీసే బొరిగె. కర్ర ఊడిపోయింది, తుప్పు పట్టింది, ఒక కొన విరిగింది. బాబాయి దాన్ని లుంగీ అంచుతో తుడిచి, ఆ విరిగిన కొన మీద బొటనవేలు పెట్టి చాలాసేపు చూశాడు. భార్య ఎప్పుడో చేనులో పారేసుకుని, దొరక్క, రెండు రోజులు ఆయనచేత తిట్లు తిన్న బొరిగె అది. ఆ సంగతి నాకు తర్వాత చెప్పాడు.

"ఈ మట్టి ఎక్కడ్నించి అట్టుకొచ్చినారు టీచరమ్మా?" అని మాత్రం అడిగాడు.

నాకేం తెలుసు. నువ్వు చెప్పినట్టే పైమట్టి అడిగాను కదా బాబాయ్ అన్నాను, మెచ్చుకుంటాడని. ఆయన బొరిగెను మొలలో దోపుకుని, మొదలుపెట్టిన వరస పూర్తి చేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆయన వెంట కొండ ఎక్కాను. చేను ఉన్నచోట ఎర్రటి గట్టినేల, దాని మీద పొక్లెయిన్ పళ్ళ గీతలు. ఒక అంచున మూడు వలిసె మోళ్ళు మిగిలాయి. కొండ అవతలి వైపు నుంచి ట్రాక్టరుకు కొత్తగా దారి వేసుకున్నారు. తప్పు నాదేనని, నన్ను తిట్టమని అన్నాను. నిజంగానే తిట్టాలని కోరుకున్నాను. ఆయన ఆ మోళ్ళ పక్కన కూర్చున్నాడు.

"నాను సెప్పినాను. నువ్వు అడిగినావు. ఆడు తెచ్చినాడు. ఎవుల్ని అడుగుతాం?" అన్నాడు.

అడగడానికి నేను వెళ్ళాను. ఆ కొండ ఎవరిదని రాసి ఉందా అన్నాడు ట్రాక్టరు ఓనరు. మీరే కదా మేడమ్ మంచి మట్టి కావాలన్నారని కూడా అన్నాడు. బాబాయిని తీసుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళితే గుమాస్తా పట్టా నంబరు అడిగాడు. పట్టా లేని చేనులో మట్టి పోయినా కాగితం మీద పోయినట్టు కాదని నాకు ఆ రోజు తెలిసింది. బాబాయి బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడి, పోదాం టీచరమ్మా, బేగి చీకటి పడతాదన్నాడు. అప్పటికి మధ్యాహ్నం కూడా కాలేదు.

మట్టి తిరిగి ఇచ్చేస్తానన్నాను. పై చేనుకు ట్రాక్టరు వెళ్ళిన దారిని మొదటి వానే కోసేసింది. గడ్డి తీసేసి, గులాబీ పాదులు తప్ప తోటంతా తవ్వేసి, ఆ వేసవిలో బాబాయీ కూతురూ తట్టలతో మోశారు. నేనూ మోశాను, ఎంత మోశానో అడగకండి. జూన్ వానలకు అదంతా కిందికి దిగి, దాంతోపాటు ఎర్ర కంకర కూడా వచ్చి వాళ్ళ ఇంటి వెనక వరిమడిని కప్పేసింది. ఆ తర్వాత ఆయన తట్ట పట్టుకోలేదు.

కానీ మా తోటకు రావడం మానలేదు. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మిగిలిన మట్టిలో ఏటా వాటంతట అవే వలిసె మొలకలు వచ్చేవి. ఆయన గులాబీల చుట్టూ గడ్డి పీకేవాడు, వలిసె మొలకల్ని మాత్రం ముట్టేవాడు కాదు. నన్నూ ముట్టనిచ్చేవాడు కాదు. ఒకసారి వాటి పక్కన గొంతుక్కూర్చుని, మట్టికి ఊరుంటాది టీచరమ్మా, రాయికే ఉండదు అన్నాడు. ఆ ఏడు నుంచీ కూలికి వెళ్ళి బియ్యం కొనుక్కున్నారు. మనిషి సగమైపోయాడు. చూస్తూనే ఉన్నాను. టీ ఇచ్చేదాన్ని. అంతకు మించి నావల్ల ఏమీ కాలేదు.

ఆదివారం ఆయన కూతురు అడిగింది ఇదే.

"పైసేను మట్టి కావాల టీచరమ్మా. మా కాడ నేదు. మీ కాడే ఉన్నాది."

గులాబీ పాదులోంచి నేనే తీశాను, పార లేకుండా, రెండు చేతులతో. దాని నిండా చిప్స్ కలిసిపోయి ఉన్నాయి. ఆ పిల్ల మా మెట్టు మీద కూర్చుని, తట్ట ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క రాయీ ఏరి పక్కన పెట్టింది. నేనూ పక్కన కూర్చుని ఏరాను. అవతల ఇంటి ముందు జనం ఎదురుచూస్తున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు.

గోతిలో తెల్లబట్ట మీద ముందు ఆ మట్టే వేసింది. మెత్తగా, చప్పుడు లేకుండా పడింది. చివర్లో మాత్రం టక్కుమంది. మా కళ్ళు కప్పి ఒక నీలం చిప్స్ రాయి మిగిలిపోయి, ఆయన గుండెల మీద పడి, అక్కడే ఆగింది.