కాలికన్నారు, నాన్నకి వేలు మండింది

నేను బీయస్సీ పాసయ్యానండీ! ఫస్ట్ క్లాసు! పొద్దున రాజమండ్రిలో పేపరు కొని, నంబరు నేను చూసుకున్నది చాలక కొట్టాయన చేత కూడా చదివించుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ అంటే ఇదే మొదలు.

ఈ ఊపులోనే ఒక సంగతి చెప్పేస్తాను. దెయ్యాలూ మంత్రాలూ నేను ఏనాడూ నమ్మలేదు. చదివింది జువాలజీ.

పరీక్షలకి నెల ముందు, జంగారెడ్డిగూడెం దగ్గర మా ఊళ్ళో, పొగాకు కాల్చే బ్యారన్ పక్కన కర్రలు తీస్తుంటే నన్ను ఎర్రతేలు కుట్టింది. మిట్టమధ్యాహ్నం. ఎడమచేతి ఉంగరం వేలు. గంటలో ఒళ్ళంతా చెమట, వాంతులు, కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. ఊపిరాడలేదు. అమ్మ జీపులో జంగారెడ్డిగూడెం ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

విషం గుండె మీద పనిచేస్తోంది, సాయంత్రం దాకా ఏమీ చెప్పలేనన్నారట డాక్టరుగారు. వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, బీపీ తగ్గించే మాత్ర మింగించారు.

తర్వాత నేను కాలవలో పడవ మీద ఉన్నట్టుంది. చెయ్యి నీళ్ళలో వేలాడుతోంది. ఎవరో వేలి కొసనుంచి దారం మెల్లగా లాగుతున్నారు. లాగేకొద్దీ మంట నీళ్ళలోకి దిగిపోతోంది. కళ్ళు తెరిస్తే గోడ గడియారంలో నాలుగైంది.

నాకు కుట్టినప్పుడు నాన్న జీడితోటలో ఉన్నాడు. కబురు తీసుకెళ్ళిన బాబాయి కంగారులో కాలికి కుట్టిందని చెప్పాడు. మా వైపు తేలుమంత్రం, కుట్టించుకున్నవాళ్ళు రాలేకపోతే, కబురు తెచ్చినవాళ్ళకే వేస్తారు. నాన్న ఊళ్ళో తేలుమంత్రం వేసే తాత దగ్గరికి పరిగెత్తాడు. తాత నాన్న మోకాలి నుంచి కిందికి వేపమండతో విషం దించుతుంటే కాలికేమీ తెలియలేదట. నాన్న ఎడమచేతి ఉంగరం వేలు మాత్రం నిప్పుల్లో పెట్టినట్టు మండిందట.

"కాలికి కాదురా. నీకు కబురు తప్పుగా వచ్చింది," అన్నాడట తాత.

ఐదింటికి నాన్న వేలికి తడిగుడ్డ చుట్టుకుని ఆసుపత్రికొచ్చాడు. ఎవర్నీ అడక్కుండా నా ఎడమచెయ్యి తీసుకుని, ఆ వేలే పట్టుకున్నాడు.

"పరీక్ష ఎగ్గొట్టడానికి తేలుని పిలిచావేంటే," అని ఏడ్చేశాడు.

డాక్టరుగారు నాన్న వేలు తిప్పి తిప్పి చూశారు. వాపుంది, గాటు లేదు. నన్ను బతికించింది ఆయన వైద్యమే, అందులో వాదన లేదు. తేలు కుడితే ముందు ఆసుపత్రికే పరిగెత్తండి. నాన్న వేలు ఎందుకు మండిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలీదు.

సరే, ఫోన్లు చాలా ఉన్నాయి. డాక్టరుగారికి. పెద్దాపురం అత్తయ్యకి. పాత రూమ్మేటు సుజాతకి. మా ఊరి కిరాణా కొట్టుకి ట్రంకాల్ బుక్ చేసి గంటైంది, లైను కలిస్తే నాన్నని పిలుచుకొచ్చేదాకా పెట్టెయ్యొద్దని చెప్పాలి. నాన్నకింకా తెలీదు.