అవ్వ చెడగొట్టిన నిమిషం

పెనుకొండ దగ్గర ఒక చిన్న విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్, మీడియా చదివాను. ఏ విషయమైనా నలుగురికీ చేరవేయడం ఎలాగో నేర్పే చదువు అది. నేనేం చదువుతున్నానో మాత్రం మా నాయనకు చివరిదాకా చేరవేయలేకపోయాను.

రెండో ఏడాది ఇద్దరికొక రేడియో డాక్యుమెంటరీ చేయమన్నారు. బాగున్నదాన్ని చేసినవాళ్ల పేరుతో క్యాంపస్ రేడియోలో వేస్తారు. నాకు జంటగా హిందూపురం బట్టల అంగడి వాళ్ల అబ్బాయి పడ్డాడు. అతనికి మంచి గొంతు, మంచి ల్యాప్‌టాప్ ఉన్నాయి. నాకు ఓపిక, బస్ పాసు ఉన్నాయి. మా ఊరు ముదిగుబ్బ నుంచి ధర్మవరానికి నాలుగు ఆదివారాలు వెళ్లి, ఒక చేనేత ఇంట్లో అవ్వ చెప్పిందంతా ఫోన్లో రికార్డు చేశాను. అతను ఒక్కసారీ రాలేదు. ఎడిటింగ్ తాను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా, ముఖ్యంగా తనను.

డాక్యుమెంటరీ చివర్లో చదివే పేర్లలో రచన, రికార్డింగ్, సమర్పణ అన్నిటికీ అతని పేరే. నా పేరు ‘సహకారం’ కింద, క్యాంపస్‌లో టీ అమ్మే ఆయన తర్వాత.

అడిగితే, "నీ పేరూ ఉండాది కదమ్మా. యాడుంటే ఏం?" అన్నాడు.

"ఏంలేదులే" అన్నాను. పోట్లాటలో నాకు మాటలు మూడు రోజులు ఆలస్యంగా వస్తాయి. ఈసారి మరుసటి రోజే వచ్చాయి. కాకపోతే అవి నావి కావు, అవ్వవి.

ఎక్కడ రికార్డు చేసినా, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఉత్త గదిని కూడా రికార్డు చేయాలి. మాటల అతుకులు వినపడకుండా ఆ నిశ్శబ్దాన్ని కింద పరుస్తారు. "ఆ ఖాళీ నిమిషం పంపమ్మా, అతుకులు తెలుస్తాండాయి" అని మరుసటి రోజు అతనే అడిగాడు. నా దగ్గర రెండున్నాయి. మొదటిది చివర్లో అవ్వ చెడగొట్టింది. రెండోది శుభ్రంగా ఉంది. మొదటిది పంపాను. నీ పేరు చదివాక నిమిషమంతా అలాగే వదిలేస్తే హుందాగా ఉంటుందని సలహా కూడా ఇచ్చాను. సహకారం నా పేరు మీదే ఉంది కదా.

నిశ్శబ్దాన్ని పూర్తిగా వినే ఓపిక అతనికి లేదని నాకు తెలుసు.

తరగతిలో వినిపించిన రోజు సార్ కళ్లు మూసుకుని విన్నారు. అతని పేరు మూడుసార్లు వచ్చింది. తర్వాత నిశ్శబ్దం. నేను లోపల అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. నలభై దాటగానే అవ్వ గొంతు:

"ఏం పాపా, మాట్లాడించేదానికి ముదిగుబ్బ నుంచి వచ్చి, అందరి నోర్లూ మూయించి కూచున్నావే? ఆ హిందూపురం పిల్లోడు ఈపొద్దూ రాల్యా?"

తరగతిలో ముదిగుబ్బ నుంచి వచ్చేది నేనొక్కదాన్నే. హిందూపురం నుంచి అతనొక్కడే.

సార్ కళ్లు తెరిచారు. "ఏమప్పా, ఆదివారాలు యాడుంటివి?"

"అంగట్లో సార్."

"అట్లయితే ఆ పాప పేరు పైకి తెచ్చి, నీది టీ ఆయన కిందికి దింపు."

నాకింకేం కావాలి అనుకుంటుండగా సార్ నావైపు తిరిగారు. "ఖాళీ నిమిషం ఇట్లేనా తీసేది? ఇంకోటి తీసుకోల్యా?"

శుభ్రమైనది నా సంచీలో, ఫోన్లోనే ఉంది. చూపిస్తే నేను చేసింది బయటపడుతుంది.

"లేదు సార్" అన్నాను. రెండు మార్కులు కోశారు.

రేడియోలో నా పేరు వచ్చింది. ఆ రెండో నిమిషాన్ని ఇప్పటికీ చెరపలేదు. మనసు బాగాలేనప్పుడు పెట్టుకుని వింటాను. ఏమీ వినపడదు. ప్రాణానికి ఎంతో హాయిగా ఉంటుంది.