తేదీ పడని పుస్తకాలు

ఆ వీధిలో ఆయన్ని అందరూ చదువరిగారనేవాళ్ళు. యూనివర్సిటీ లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు కట్టే బైండరు ఆయన. బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. అయినా రోజూ సాయంత్రం లావుపాటి పుస్తకం ఒకటి ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో గంటసేపు కూర్చునేవారు. పుస్తకాల మధ్య పనిచేసేవాళ్ళకి చదువు కూడా జిగురులాగే చేతికి అంటుకుంటుంది కాబోలు అనుకునేది భార్య.

ఆ గంటా ఆవిడ ఇంట్లో పిల్లిలా నడిచేది. పిల్లలు పోట్లాడుకుంటే కళ్ళతోనే ఊరుకోబెట్టేది. కుక్కరు విజిల్ వేస్తుందని ఆ వేళకి అన్నం ఎసట్లోనే వండేది. ఒకరోజూ రెండ్రోజులూ కాదు, ఇరవై రెండేళ్ళు.

రిటైరయ్యాక కూడా ఆయన కార్డు అలాగే ఉంది, పుస్తకాలూ వస్తూనే ఉన్నాయి. ఒక సాయంత్రం అదే కుర్చీలో, ఒళ్ళో పుస్తకం తెరిచి ఉండగానే తల వాల్చేశారు. నిద్రపట్టిందనుకుని ఆవిడ అరగంట పలకరించలేదు.

ఇరవయ్యో రోజున ఆయన ఫోనుకి మెసేజీ వచ్చింది. మీ పేరు మీద నాలుగు పుస్తకాలున్నాయి, గడువు దాటింది, తెచ్చి ఇవ్వండి అని. మనిషికే గడువైపోతే పుస్తకాలకేం గడువు అనుకుంటూ ఆవిడ నాలుగూ సంచీలో సర్దుకుంది. ఆఖరిదానిలో ఆయన ఆగిన పేజీ దగ్గర చీటీ పెట్టింది. తనకి తెలుగు తప్ప చదవడం రాదు, చివరికి ఆయన ఏం చదువుతూ పోయారో ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి. అంతకంటే ఆవిడకి వేరే ఆశ లేదు.

కౌంటరులో ఉన్నామెకి సంగతి తెలుసు. లేచి వచ్చి ఆవిడ చేతులు పట్టుకుంది. కాసేపయ్యాక పుస్తకాలు అందుకుని కంప్యూటరులో ఎక్కించింది. చీటీ ఉన్న పేజీ తెరిచి, అందులో ఏముందో చెప్పమని అడిగింది ఆవిడ. కౌంటరు ఆమె చూసి, ఇది జర్మను భాషమ్మా, వంతెనల లెక్కలేవో ఉన్నాయి అంది.

"మా ఆయనకి జర్మను వచ్చా?"

"రాదమ్మా."

ఆవిడ మిగతా మూడూ ముందుకి తోసింది. ఒకటి మేకల జబ్బుల మీద, ఒకటి పాత నౌకల మీద, ఒకటి ఏ భాషో కౌంటరు ఆమెకే తెలియలేదు.

అప్పుడు కౌంటరు ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. పదేళ్ళలో ఒక్కరైనా ఇంటికి తీసుకెళ్ళని పుస్తకాన్ని అరలోంచి తీసేస్తారు. వెనక అట్టకి అంటించిన కాగితం మీద తేదీ ముద్ర పడలేదంటే దానికి రోజులు దగ్గరపడినట్టే. నెలాఖరున బండిలో వేసి కాగితం మిల్లుకి పంపేస్తారు. తను నాలుగు రోజులు కూర్చుని కుట్టిన పుస్తకం ఒకటి అలా బండిలో కనబడితే, దీనికి తేదీ పడితే బతుకుతుందా అని అడిగారట ఆయన. బతుకుతుందంటే ఆ పూటే తన కార్డు మీద ఇంటికి తీసుకెళ్ళారు. అప్పట్నుంచి పద్నాలుగు రోజులకోసారి నాలుగేసి.

"మరి ఆ కుర్చీలో కూర్చుని ఏం చేసేవారు?"

కౌంటరు ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మొదటిరోజు పుస్తకం ఊరికే తెరిచి కుట్టు చూసుకుంటుంటే, మా ఆయన చదువుతున్నారు అని మీరు పక్కింటావిడతో చెప్పారటమ్మా. తెల్లారేసరికి వీధంతా చదువరిగారు అనడం మొదలెట్టింది. ఇక తప్పక కూర్చుంటున్నాననేవారు. పేజీ ఎప్పుడు తిప్పాలో తెలియక గడియారం చూసి తిప్పుతున్నాననేవారు."

కుక్కరు, గిన్నెలు, మూతుల మీద వేళ్ళేసుకున్న పిల్లలు, అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళ ముందుకొచ్చాయి. ఇరవై రెండేళ్ళు ఒక ఇల్లంతా ఊపిరి బిగపట్టి, గడియారం చూసుకుంటున్న మనిషికి కాపలా కాసిందన్నమాట. ఒళ్ళు మండిపోయింది. ఒక్కమాట చెబితే ఏం పోయేది ఈ మనిషికి?

"నేనూ అన్నానమ్మా, చెప్పేయండీ అని. మా ఆవిడ గిన్నె కూడా చప్పుడు కానివ్వదు, ఇప్పుడు నిజం చెబితే ఆ కష్టమంతా ఏమైపోతుంది అన్నారు."

ఆవిడ పక్కనున్న బెంచీ మీద కూలబడింది. గోడవారగా చక్రాల బండి ఒకటి, దాన్నిండా పుస్తకాలు. అట్టల మీద, మిల్లుకి పోయేవని గుర్తుగా ఎర్ర గీతలు. ఎన్నున్నాయని అడిగితే నలభై దాకా అంది కౌంటరు ఆమె. ఆయన ఉంటే ఈపాటికి నాలుగు తగ్గేవట. ఆయన కార్డు మాత్రం ఈరోజు రద్దు చేయక తప్పదు, రూలు.

"నాకిస్తారా కార్డు?"

ఉద్యోగి భార్యకిస్తారు, ఆయన లేకపోయినా ఇస్తారు. కాకపోతే రెండే పుస్తకాలు, పద్నాలుగు రోజుల దాకా. నెలాఖరు ఇంకా మూడు వారాలుంది, రెండు విడతలు వస్తే నాలుగు దక్కుతాయి అని కౌంటరు ఆమె లెక్క చెప్పింది.

ఆవిడ ఫారం మీద సంతకం చేసింది. బండిలోంచి పైనున్న రెండూ తీసుకుంది. కాగితాల మీద ముద్ర పడ్డాక ఏదో తట్టినట్టు ఆగింది.

"పద్నాలుగు రోజుల దాకా అంటున్నారు. అంటే, ముందే తెచ్చిచ్చేయొచ్చా?"

"ఇవ్వొచ్చు."

"రేపే?"

కౌంటరు ఆమె చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయనకీ తట్టలేదు, రోజూ ఆ రూలు నోటితో వల్లించే తనకీ తట్టలేదు.

"పొద్దున ఎన్నింటికి తెరుస్తారమ్మాయీ?" అంది ఆవిడ, సంచీ భుజాన వేసుకుంటూ.